డిప్రెషన్ రక్తంలో ఎంత, ఇంట్లో ఎంత

జంషెడ్‌పూర్ కదమాలోనో సోనారీలోనో ఉంటున్న తెలుగు కుటుంబం శ్రీకాకుళం వైపు సంబంధం మాట్లాడుకునేటప్పుడు ఉద్యోగం, చదువు, లాంఛనాలు అన్నీ ఎదురెదురుగా కూర్చునే తేల్చుకుంటారు. ఒక్క సంగతి మాత్రం మధ్యవర్తిని పక్కకు తీసుకెళ్ళి అడుగుతారు. “వాళ్ళింట్లో ఎవరికో మతిస్థిమితం లేదన్నారు, నిజమేనా?” అవునని జవాబొస్తే చాలాసార్లు మాటలు అక్కడితో ఆగిపోతాయి. అందుకే అవతలివాళ్ళు ముందే జాగ్రత్తపడతారు. రాంచీ దగ్గర కాంకే మానసిక ఆసుపత్రిలో చూపించుకున్న సంగతి సొంతూరికి తెలియనివ్వరు, విశాఖ చినవాల్తేరులో చూపించుకున్న సంగతి ఇక్కడ పొక్కనివ్వరు. అడిగేవాళ్ళనూ దాచేవాళ్ళనూ నడిపిస్తున్న నమ్మకం ఒకటే: మనసుకొచ్చే జబ్బు రక్తంలో పారుతుందని, ఒక తరంలో కనబడితే తర్వాతి తరానికి తప్పదని. డిప్రెషన్ విషయంలో ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి కావలసినంత సాక్ష్యం గత నలభై యాభై ఏళ్ళలో పోగుపడింది. దాన్నిబట్టి నేను చెప్పదలచుకున్నది ఇదీ: డిప్రెషన్ కుటుంబాల్లో నడుస్తుందన్నది నిజం. అలా నడిచేది జబ్బుకు లోనయ్యే గుణం. అది జన్యువుల దారిన కొంత, పెరిగిన ఇంటి దారిన కొంత వస్తుంది, ఆ రెండో దారి మన చేతిలో ఉంది. ఇంట్లో ఎవరికి ఉందో తెలియడం సంబంధం వదులుకోవడానికి కన్నా వైద్యానికే ఎక్కువ పనికొస్తుంది.

డిప్రెషన్ అంటే నాలుగు రోజుల దిగులు కాదు. కనీసం రెండు వారాలపాటు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు మనసు కుంగిపోయి ఉండడమో, ఇష్టమైన పనిమీద కూడా ఆసక్తి చచ్చిపోవడమో ప్రధాన లక్షణం. దానికి తోడు నిద్ర, ఆకలి చెడిపోతాయి, ఒంట్లో సత్తువ ఉండదు, తాను ఎందుకూ పనికిరాననిపిస్తుంది, ఏకాగ్రత కుదరదు, కొందరికి చావు ఆలోచనలు వస్తాయి. బెంగళూరులోని నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో ఇల్లిల్లూ తిరిగింది. జార్ఖండ్ ఆ పన్నెండింటిలో ఒకటి. దేశంలో పెద్దవాళ్ళలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఏదో ఒక దశలో డిప్రెషన్ అనుభవించినవాళ్ళేనని ఆ సర్వే తేల్చింది. డిప్రెషన్‌తో ఉన్నవాళ్ళలో సుమారు 85 శాతం మందికి వైద్యం అందడం లేదని కూడా తేల్చింది. ఈ రెండో అంకెను మళ్ళీ తలచుకోవలసి వస్తుంది.

కుటుంబాల లెక్క దగ్గరికొద్దాం. అప్పటిదాకా జరిగిన అధ్యయనాల్లో గట్టివాటిని ఏరి, పాట్రిక్ సలివాన్, మైకేల్ నీల్, కెన్నెత్ కెండ్లర్ 2000లో ఒకచోట చేర్చి లెక్కగట్టారు. తల్లిదండ్రులు, తోడబుట్టినవాళ్ళు, పిల్లలు, వీళ్ళలో ఒకరికి డిప్రెషన్ ఉంటే, లేని కుటుంబాలతో పోల్చినప్పుడు మనిషికి అది వచ్చే అవకాశం సుమారు 2.8 రెట్లు ఎక్కువ. 2.8 రెట్లంటే గుండె గుభేలుమంటుంది. ఆ రెట్లు దేనిమీదో చూడాలి. మన సర్వే చెప్పిన అయిదు శాతం మీద వేసుకుంటే 13, 14 శాతం దగ్గర తేలుతుంది. అంటే అలాంటి వందమంది పిల్లల్లో 86 మంది దాకా డిప్రెషన్ లేకుండానే బతుకుతారు. పాశ్చాత్య దేశాల సర్వేల్లో మొత్తం జనాభాకే ఈ శాతం ఎక్కువ కాబట్టి అక్కడ లెక్క మరికాస్త పైకి పోతుంది. అయినా ‘తప్పదు’ అనే మాటకు దగ్గరగా కూడా రాదు. మర్నా వైస్‌మన్ అనే పరిశోధకురాలు 1982లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో మొదలుపెట్టి, డిప్రెషన్ ఉన్నవాళ్ళ పిల్లలను, ఆ తర్వాత మనవలను దశాబ్దాలపాటు గమనిస్తూ వచ్చింది. డిప్రెషన్ ఉన్న తల్లిదండ్రుల పిల్లల్లో ముప్పు రెండు మూడు రెట్లు ఉంది. తాత తరంలోనూ తల్లిదండ్రుల తరంలోనూ ఉన్న మనవలకు అందరికన్నా ఎక్కువ ఉంది. జబ్బు ఎక్కువగా మొదలయ్యే వయసు 15కూ 25కూ మధ్య అని కూడా ఆ అధ్యయనంలో తేలింది. పిల్లలున్న ప్రతి ఇంటికీ అక్కరకొచ్చే సంగతి అది.

కుటుంబంలో నడుస్తోంది కాబట్టి జన్యువుల్లోనే ఉందనడానికి లేదు. దానికి జంషెడ్‌పూర్ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. 1907లో టాటా ఉక్కు కంపెనీ పుట్టి, 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు దిమ్మ పోతపోసి, 1919లో సాక్చీ ఊరు జంషెడ్‌పూర్‌గా పేరు మార్చుకున్న నాటి నుంచీ ఇక్కడ తండ్రి ఉద్యోగం కొడుక్కి, కొన్నిచోట్ల మనవడికి కూడా దక్కుతూ వచ్చింది. ఉద్యోగంతోపాటు క్వార్టరు వచ్చింది, షిఫ్టులు వచ్చాయి, బంధువులకు రైలు ప్రయాణమంత దూరంలో ఉండే బతుకు వచ్చింది. సి షిఫ్టు రాత్రి పదికి మొదలై ఉదయం ఆరుకు ముగుస్తుంది. ఆ షిఫ్టు నడిచే వారంలో ఆ ఇల్లు ఎలా ఉంటుందో ఈ ఊరివాళ్ళకు చెప్పనక్కర్లేదు. పగటివెలుగు రాకుండా కిటికీకి దుప్పటి వేలాడుతుంది, కుక్కరు కూత పడకుండా వంట చేస్తారు, పిల్లలు గుసగుసగా మాట్లాడుకుంటారు లేదా మెట్లమీద ఆడుకుంటారు. షిఫ్టు పనికీ మానసిక ఆరోగ్యానికీ ఉన్న లంకెను చూసిన అధ్యయనాలను 2019లో కలిపి లెక్కిస్తే, షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకు డిప్రెషన్ లక్షణాల ముప్పు సుమారు 33 శాతం ఎక్కువని వచ్చింది. తాతా తండ్రీ కొడుకూ ముగ్గురూ షిఫ్టులు చేసిన ఇంట్లో ముగ్గురికీ డిప్రెషన్ వస్తే, అది రక్తం ఇచ్చిందా, కారఖానా గేటు ఇచ్చిందా? ఇంటి చరిత్ర ఒక్కటీ చూసి ఎవరూ చెప్పలేరు.

ఈ చిక్కు విప్పడానికే శాస్త్రజ్ఞులు కవలల దగ్గరికి వెళ్ళారు. ఒకే పిండం నుంచి విడివడిన కవలలకు జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. వేర్వేరు పిండాల కవలలకు మామూలు తోడబుట్టినవాళ్ళలాగే సగం ఒకటి. రెండు రకాలవాళ్ళూ ఒకే ఇంట్లో పెరుగుతారు. కాబట్టి మొదటి రకంలో ఇద్దరికీ జబ్బు రావడం రెండో రకంలో కన్నా ఎంత ఎక్కువుందో చూస్తే జన్యువుల పాలు అంచనాకు అందుతుంది. ఇందాకటి 2000 నాటి విశ్లేషణలో ఆ పాలు 37 శాతం. స్వీడన్‌లో 15 వేలకు పైగా కవలల జంటలమీద 2006లో వచ్చిన పెద్ద అధ్యయనంలోనూ దాదాపు అంతే వచ్చింది, ఆడవాళ్ళలో 42, మగవాళ్ళలో 29 శాతం. స్కిజోఫ్రెనియాలో జన్యువుల పాలు 80 శాతం దగ్గర ఉంటుంది, ఉన్మాదం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బులో కూడా అరవైకి పైనే. మనసుకొచ్చే పెద్ద జబ్బుల్లో డిప్రెషన్‌కు రక్తంతో పట్టు తక్కువన్నమాట. 37 శాతం అంటే ‘మా అమ్మాయికి వచ్చే అవకాశం 37 శాతం’ అని అర్థం కాదు, ‘నా జబ్బులో 37 పాళ్ళు మా నాన్నది’ అని అంతకన్నా కాదు. ఒక జనాభాలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాల్లో ఎంత భాగం జన్యువుల తేడాలతో ముడిపడి ఉందో చెప్పే లెక్క అది. జనాభా మారితే, బతుకు పరిస్థితులు మారితే ఆ అంకె కూడా మారుతుంది. దాన్ని ఒక మనిషి జాతకంగా చదవకూడదు.

కవలల లెక్కలు చదివినవాళ్ళు ఇక్కడ గట్టి అభ్యంతరమే లేవదీస్తారు. ఆ లెక్కల్లో ‘ఉమ్మడి ఇల్లు’ ప్రభావం సున్నాకు దగ్గరగా వచ్చింది కదా, జన్యువులు పోగా మిగిలినదంతా ఎవరికి వారికి విడిగా తగిలిన అనుభవాలదే కదా, మరి ఇంటి దారి అంటారేమిటని. నిజమే, కవలల పద్ధతి అలాగే చెప్పింది. కానీ ఆ పద్ధతి ఇంటి ప్రభావం కొద్దిపాటిదైతే పట్టుకోవడంలో బలహీనం. పైగా ఒకే ఇల్లు ఇద్దరు పిల్లలకు రెండు రకాలుగా తగిలితే దాన్ని ఇంటి ఖాతాలో వేయదు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చేది నేరుగా కొలవాలంటే, కన్నవాళ్ళూ పెంచినవాళ్ళూ వేరైన ఇళ్ళు చూడాలి. స్వీడన్ జాతీయ రికార్డులతో కెండ్లర్ బృందం 2018లో అదే చేసింది. దత్తత వెళ్ళిన పిల్లలను చూశారు. తండ్రితో ఎన్నడూ కలిసి ఉండకుండా, తల్లి దగ్గరా మారుతండ్రి దగ్గరా పెరిగిన పిల్లలను చూశారు. ఆ కన్నతండ్రి ఇచ్చింది జన్యువులే, మారుతండ్రి ఇచ్చింది ఇల్లే, తల్లి రెండూ ఇచ్చింది. లెక్క తేలేసరికి కన్నవారి పాలూ పెంచినవారి పాలూ ఇంచుమించు సమానంగా వచ్చాయి. రెండూ ఇచ్చిన తల్లిదండ్రులతో పోలిక ఆ రెంటినీ కలిపినంత ఉంది. 2020లో అదే బృందం ఇంకో అడుగు వేసింది. డిప్రెషన్ వగైరా ముప్పు ఎక్కువున్న తల్లిదండ్రులకు పుట్టి, ఒకరు సొంత ఇంట్లో, ఒకరు దత్తత ఇంట్లో పెరిగిన తోబుట్టువులను పోల్చింది. దత్తత వెళ్ళినవాళ్ళకు చికిత్స దాకా వెళ్ళే డిప్రెషన్ ముప్పు 23 శాతం తగ్గింది. దత్తత తీసుకున్న తల్లికో తండ్రికో డిప్రెషన్ వచ్చిన ఇళ్ళలో మాత్రం ఆ లాభం మాయమైంది. నా వాదానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. అవే జన్యువులు, వేరే ఇల్లు, వేరే ఫలితం.

ఇక ఆ జన్యువులేమిటన్న ప్రశ్న. ఈ వెతుకులాటలో తప్పటడుగులు చాలా పడ్డాయి. మెదడులో సెరొటోనిన్ అనే రసాయనాన్ని తిరిగి లోపలికి తీసుకునే ప్రోటీన్‌కు ఒక జన్యువు ఉంది. దాని పొట్టి రూపం ఉన్నవాళ్ళకు కష్టాలొస్తే డిప్రెషన్ ఎక్కువగా వస్తుందని 2003లో, న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పెరిగిన 847 మందిమీద చేసిన అధ్యయనం చెప్పింది. ప్రపంచమంతా దాన్ని అందుకుంది, ‘డిప్రెషన్ జన్యువు’ అని పత్రికలు రాశాయి. 2009లో 14 అధ్యయనాల్లోని 14,250 మంది వివరాలు కలిపి చూస్తే ఆ జన్యువు ప్రభావం కనబడలేదు. కష్టాల ప్రభావం మాత్రం గట్టిగా నిలిచింది. ఏళ్ళ తరబడి అనుమానితులుగా ఉన్న 18 జన్యువులను 2019లో లక్షలమంది సమాచారంతో పరీక్షిస్తే, యాదృచ్ఛికంగా ఎంచుకున్న జన్యువులకన్నా అవేమీ ఎక్కువ తేలలేదు. ఊహించి ఎంచుకున్న జన్యువు వెంట పడడం మానేసి, జన్యురాశి మొత్తాన్నీ లక్షలమందిలో జల్లెడ పడితేగానీ దారి దొరకలేదు. 2025 జనవరిలో వెలువడిన ఫలితాల్లో 29 దేశాలకు చెందిన 50 లక్షలకు పైగా జనం ఉన్నారు, వాళ్ళలో డిప్రెషన్ ఉన్నవాళ్ళు సుమారు 6,88,000. దొరికిన జన్యు తేడాలు 697. ఒక్కొక్కటి పెంచే ముప్పు రవ్వంత. ఇది చదివే ప్రతి ఒక్కరిలోనూ వాటిలో కొన్ని వందలు ఉండే ఉంటాయి, డిప్రెషన్ ముఖం చూడనివాళ్ళలో కూడా. వాటన్నిటినీ కూడి ఒక మనిషికి ‘నీకు వస్తుంది, రాదు’ అని చెప్పబోతే చెప్పగలిగేది కొద్ది శాతమే, అది కూడా యూరప్ మూలాలవాళ్ళలో. ఉమ్మి పరీక్ష చేసి డిప్రెషన్ జాతకం చెబుతామనే ప్రకటనలకు డబ్బు తగలేయనక్కర్లేదు.

మేనరికాల సంగతి ఇక్కడే తేల్చాలి, ఎందుకంటే తెలుగువాళ్ళలో వంశపారంపర్యం అనగానే ముందు అటే పోతారు. తల్లి నుంచొకటి, తండ్రి నుంచొకటి, రెండు చెడ్డ ప్రతులు కలిస్తేనే వచ్చే ఒకే జన్యువు జబ్బుల్లో దగ్గరి పెళ్ళిళ్ళ హాని స్పష్టం. బయటి పెళ్ళి లేకుండా తరాలు గడిచినా అంతే. వైశ్యుల్లో సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం మిగతా జనంకన్నా చాలా ఎక్కువగా ఉంటుంది. ఆపరేషనుకు ముందిచ్చే, కండరాలను సడలించే ఒక రకం మందు ఆ లోపమున్నవాళ్ళకు త్వరగా దిగదు, ఊపిరి తిరిగి అందుకోవడం ఆలస్యమవుతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు పాలుపంచుకున్న 2017 నాటి పరిశోధన ఇలాంటి సముదాయాల లెక్కను వివరంగా ముందుపెట్టింది. డిప్రెషన్ ఈ కోవలోది కాదు. వందల తేడాలు తలా పిసరంత తోసే జబ్బులో ‘ఆ రెండిళ్ళూ కలిస్తే ఖాయం’ అనే లెక్క కుదరదు. మేనరికాలు వద్దనడానికి వేరే మంచి కారణాలున్నాయి, ఇది వాటిలో చేరదు.

జన్యువుల మాట పక్కనబెట్టండి, కష్టాలుంటే కుంగిపోవడం సహజం, కష్టాలే అసలు కారణం అనేవాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది. వాళ్ళ దగ్గర బలమైన సాక్ష్యమే ఉంది. 1990ల మొదట్లో సుమారు 78 వేలమంది ఉన్న కంపెనీ సిబ్బంది పదేళ్ళు పైబడేసరికి దాదాపు సగమైంది. ముందస్తుగా ఉద్యోగం వదులుకున్న ఇళ్ళలో ఆ తర్వాత ఏం జరిగిందో చాలామందికి తెలుసు. కష్టాలు కారణమవడం, జన్యువులు కారణమవడం ఒకదానికొకటి పోటీ కావు. వర్జీనియాలో ఆడ కవలలమీద కెండ్లర్ బృందం 1995లో ప్రచురించిన లెక్క దీన్ని చక్కగా చూపిస్తుంది. జన్యు ముప్పు అతి తక్కువున్న ఆడవాళ్ళకు, పెద్ద కష్టమేదీ రాని నెలలో డిప్రెషన్ మొదలయ్యే అవకాశం 0.5 శాతం, దగ్గరివాళ్ళ చావులాంటి పెద్ద దెబ్బ తగిలిన నెలలో 6.2 శాతం. జన్యు ముప్పు అత్యధికంగా ఉన్నవాళ్ళకు మామూలు నెలలో 1.1 శాతం, దెబ్బ తగిలిన నెలలో 14.6 శాతం. అంకెలు మళ్ళీ ఒకసారి చూడండి. పెద్ద దెబ్బ తగిలినా, జన్యువులు ప్రతికూలమైనా, వందలో 85 మంది ఆ నెల నిలబడ్డారు. ముప్పున్న వంశంలో పుట్టినా, కష్టం రాని నెలలో నూటికి ఒక్కరే పడ్డారు. దెబ్బ ముప్పును పన్నెండు పదమూడు రెట్లు పెంచితే, రక్తం దాన్ని రెండు రెట్లకు కాస్త పైగా పెంచింది. ఇంటిల్లిపాదికీ ఒకే కష్టం వచ్చినప్పుడు ఒకరు మంచం పట్టి, ఇంకొకరు లేచి తిరగడంలో ఎవరి చేతకానితనమూ లేదని ఈ లెక్క చెబుతోంది.

కుటుంబ చరిత్ర రాబట్టడం చెప్పినంత తేలిక కాదు. మానసిక వైద్యుడి దగ్గర కూర్చుంటే ఆయన కాగితంమీద ఒక పటం గీస్తాడు. మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు సున్నా, భార్యాభర్తల మధ్య అడ్డగీత, పిల్లలకు నిలువుగీతలు, జబ్బున్నవాళ్ళను నల్లగా నింపడం. మూడు తరాల పటం గీసి, మీ ఇంట్లో డిప్రెషన్ ఎవరికుందని అడిగితే చాలా ఇళ్ళు ఎవరికీ లేదనే అంటాయి. ప్రశ్న మార్చి అడిగితే పటం నిండుతుంది. తాతకు ‘నరాల బలహీనత’ ఉండేది, టానిక్కులు తాగేవాడు. నాయనమ్మ చిన్నాన్న పుట్టిన ఏడాది మంచం దిగలేదు, గాలి సోకిందని మంత్రించారు. పెదనాన్న తాగి తాగి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మేనత్తకు ప్రతిదానికీ గుండెదడ, ఒంటరిగా బజారుకు వెళ్ళదు. ఇవన్నీ డిప్రెషనేనని నేననడం లేదు. కానీ డిప్రెషన్‌కూ, ఎడతెగని ఆందోళన జబ్బుకూ జన్యు మూలం చాలావరకు ఒకటేనని కవలల అధ్యయనాలు 1992 నుంచీ చెబుతున్నాయి. ఒకే గుణం ఒకరిలో కుంగుబాటుగా, ఒకరిలో ఆందోళనగా బయటపడవచ్చు. బంధువుల మాట విని రాసుకున్న చరిత్రలో అసలు కేసులు సగానికి సగం జారిపోతాయని, ఒక్కొక్కరినీ నేరుగా కూర్చోబెట్టి అడిగితే ఎక్కువ బయటపడతాయని పరిశోధకులకు ఎప్పటినుంచో తెలుసు. అంటే ‘మా వంశంలో లేదు’ అని ధీమాగా చెప్పే ఇళ్ళలో చాలావాటికి తెలియదంతే. ప్రతి 20 మందిలో ఒకరికి వచ్చే జబ్బు, రెండు వైపులా కలిపి పాతిక ముప్ఫైమంది దగ్గరి బంధువులున్న ఇంట్లో ఒక్కరికైనా ఉండే అవకాశమే ఎక్కువ. మధ్యవర్తిని పక్కకు పిలిచి అడిగే ప్రశ్న చివరికి జబ్బున్న ఇంటినీ లేని ఇంటినీ విడదీయలేదు. దాచడం వచ్చిన ఇంటినీ రాని ఇంటినీ విడదీస్తుంది.

రక్తం చెడ్డదనే మాట ఎక్కడిదాకా పోగలదో గత శతాబ్దం చూసింది. 1933 జూలైలో జర్మనీలో హిట్లర్ ప్రభుత్వం చేసిన చట్టం, వంశపారంపర్యమని ముద్రవేసిన జబ్బులున్నవాళ్ళకు బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించింది. ఆ జాబితాలో ఉన్మాదం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు కూడా ఉంది. దాదాపు 4 లక్షలమంది ఆ కత్తికి బలయ్యారు. మ్యూనిక్‌లో మానసిక రోగుల వంశ పటాలు సేకరించిన ఎర్న్‌స్ట్ రూడిన్ ఆ చట్టానికి వ్యాఖ్యానం రాసినవాళ్ళలో ఒకడు. ఇందాక చెప్పిన చదరాలు, సున్నాల పటమే, చికిత్సకు వాడవలసినదాన్ని శిక్షకు వాడారు. మన కాంకేలో యూరోపియన్ల పిచ్చాసుపత్రిగా 1918లో మొదలై ఇవాళ కేంద్ర మానసిక వైద్య సంస్థగా ఉన్నదీ, 1925లో భారతీయుల కోసం వచ్చి ఇప్పుడు రిన్‌పాస్‌గా పిలవబడుతున్నదీ ఆ కాలంలో పుట్టినవే. ఈ రెండు ఆసుపత్రులూ ఎన్నో కుటుంబాలను నిలబెట్టాయి. అయినా ‘కాంకే పంపించాలి’ అన్నది ఇంకా తిట్టుగానే చలామణీ అవుతోంది. జబ్బు పేరెత్తగానే వంశాన్ని నిలదీసే అలవాటు ఆ తిట్టుకు ప్రాణం పోస్తోంది.

జన్యువుల్లో ఉన్నదాన్ని మందులూ మాటలూ ఏం చేస్తాయని నిరాశపడేవాళ్ళకు జవాబు మన ఇళ్ళలోనే ఉంది. షుగరు కూడా కుటుంబాల్లో నడుస్తుంది. ‘మా నాన్నకుంది, మా పెద్దన్నయ్యకుంది, నేను నలభై దాటగానే పరీక్ష చేయించుకున్నాను’ అని పెళ్ళి భోజనంలో జిలేబీ పక్కనబెడుతూ పదిమందిలో చెబుతారు. వంశంలో ఉందని తెలిసినందువల్ల షుగరుకు వైద్యం ముందే మొదలవుతోంది. డిప్రెషన్‌లో కూడా అలా చేయగలమని చూపించే ప్రయోగాలున్నాయి. అమెరికాలో 2006లో, డిప్రెషన్‌కు చికిత్స పొందుతున్న తల్లులనూ వాళ్ళ 7 నుంచి 17 ఏళ్ళ పిల్లలనూ 151 జంటలుగా తీసుకుని పరిశీలించారు. పిల్లలకు ఆ అధ్యయనం తరఫున ఏ చికిత్సా ఇవ్వలేదు, వైద్యమంతా తల్లికే. మూడు నెలలకు తల్లి పూర్తిగా కోలుకున్న ఇళ్ళలో పిల్లల మానసిక సమస్యలు 11 శాతం తగ్గాయి; తల్లి కోలుకోని ఇళ్ళలో 8 శాతం పెరిగాయి. మొదట్లో ఏ సమస్యా లేని పిల్లల్లో, తల్లి కోలుకున్నవాళ్ళెవరికీ కొత్తగా ఏమీ రాలేదు. తల్లి కోలుకోనివాళ్ళలో 17 శాతానికి వచ్చింది. మూడు నెలల్లో ఎవరి జన్యువులూ మారలేదు. పొద్దున లేచి పిల్లకు జడ వేసే ఓపిక అమ్మకు తిరిగొచ్చింది, పిల్లాడి ప్రశ్నకు విసుక్కోకుండా జవాబు వచ్చింది. ఇంటి దారి అంటే నేను చెబుతున్నది ఇదే.

ఇవన్నీ తెల్లదేశాల లెక్కలు, మనకెలా వర్తిస్తాయని అడగడం న్యాయమే. కవలల, దత్తతల అధ్యయనాలు చాలావరకు స్వీడన్, అమెరికాలవేనన్నది నిజం. జన్యు జల్లెడలో కూడా యూరప్ మూలాలవాళ్ళే ఎక్కువ. 37 శాతం మన దగ్గర కూడా సరిగ్గా 37 ఉంటుందని నేను పూచీపడను. కానీ ఇంటి దారిని మార్చవచ్చన్న భాగానికి సాక్ష్యం మన పక్కనుంచే వచ్చింది. పాకిస్తాన్‌లో రావల్పిండి చుట్టుపక్కల పల్లెల్లో, కాన్పుకు ముందునుంచీ డిప్రెషన్‌తో ఉన్న 903 మంది తల్లులమీద ఆతిఫ్ రహమాన్ బృందం ఒక ప్రయోగం చేసి 2008లో ప్రచురించింది. మానసిక వైద్యులెవరూ లేరు. మన ఆశా కార్యకర్తల్లాంటి ఊరి ఆరోగ్య కార్యకర్తలే శిక్షణ తీసుకుని ఇంటికెళ్ళి మాట్లాడారు. బిడ్డకు ఆరునెలలు నిండేసరికి మామూలు పరామర్శ పొందిన తల్లుల్లో 53 శాతం మందిలో జబ్బు మిగిలితే, శిక్షణ పొందిన కార్యకర్తలు వెళ్ళిన ఇళ్ళలో 23 శాతంలోనే మిగిలింది. ఆ బిడ్డలకు విరేచనాలు తక్కువయ్యాయి, టీకాలు ఎక్కువమందికి పడ్డాయి, తల్లీ తండ్రీ ఇద్దరూ బిడ్డతో ఎక్కువగా ఆడుకున్నారు. మన పశ్చిమ గోదావరి పల్లెల్లో కూడా జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చి, డిప్రెషన్ ఉన్నవాళ్ళను గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా నడిపించే పద్ధతిని పరీక్షించారు. ఖరీదైన యంత్రాలూ పెద్ద ఆసుపత్రులూ లేకుండా తెలుగు ఊళ్ళలో జరిగిన పని అది.

జంషెడ్‌పూర్‌లో ఉన్నవాళ్ళకు టాటా మెయిన్ హాస్పిటల్, ఎంజీఎం వైద్య కళాశాల ఊళ్ళోనే ఉన్నాయి. చావు ఆలోచనలతో సతమతమయ్యేవాళ్ళ మాట వినడానికి ‘జీవన్’ సంస్థ ఉంది. 2022 అక్టోబరు నుంచీ టెలి-మానస్ 14416 నంబరుకు ఎక్కడినుంచైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడే ఏర్పాటు కూడా ఉంది. లేనిదల్లా ఇంటి చరిత్రను వైద్యుడి ముందు విప్పే అలవాటు. బిష్టుపూర్ రామమందిరంలోనో కదమా ఆంధ్ర అసోసియేషన్‌లోనో పండక్కి కలిసిన నలుగురు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నట్టు దీని గురించి మాట్లాడుకోరు, ఆ మౌనమే డాక్టరు గది దాకా వెంటవస్తుంది. దానివల్ల వచ్చే నష్టం పిల్లలకు ముప్పు తెలియకపోవడంతో ఆగదు, చికిత్సే పక్కదారి పట్టవచ్చు. ఇరవై ఏళ్ళ కుర్రాడు కుంగిపోయి వచ్చాడనుకోండి. చూడడానికి మామూలు డిప్రెషన్. కానీ వాళ్ళ మేనమామకు ఒకప్పుడు వారాల తరబడి నిద్ర లేకుండా హుషారు పెచ్చుమీరి, అప్పులుచేసి, లేని ఆస్తులు పంచిన చరిత్ర ఉందని తెలిస్తే, వైద్యుడు ఇది బైపోలార్ జబ్బు కుంగుబాటుతో మొదలైందేమోనని అనుమానించాలి. అలాంటివాళ్ళకు డిప్రెషన్ మాత్రలు ఒక్కటే ఇస్తే కొందరిలో ఉన్మాదం తన్నుకొస్తుంది. లిథియంలాంటి మందు అవసరం కావచ్చు. లిథియం బాగా పనిచేసే గుణం కూడా కుటుంబాల్లో నడుస్తుందని తెలుసు. మేనమామకు ఏ మందు పడిందో చెబితే మేనల్లుడి వైద్యానికి అది నేరుగా పనికొస్తుంది. కాబట్టి డాక్టరు దగ్గరికెళ్ళేటప్పుడు రెండువైపుల బంధువుల్లో ఎవరికి ఏ వయసులో ఏమైంది, ఎక్కడ చూపించారు, ఏ మందుతో తేరుకున్నారు, ఎవరైనా ప్రాణం తీసుకున్నారా అన్నది పెద్దవాళ్ళనడిగి ఒక కాగితంమీద రాసుకుని వెళ్ళాలి. పాత మందుల చీటీ దొరక్కపోతే, కాంకేలోనో చినవాల్తేరులోనో చేరిన ఏడాది గుర్తున్నా సరిపోతుంది.